తవుడయ్య చెప్పిన కెరటం సామెత

ఒక్క మాట అడుగుతాను, తప్పించుకోకుండా జవాబు చెప్పండి. "నిప్పు లేనిదే పొగ రాదు" అని ఈ ఏడాదిలో మీరు ఎన్నిసార్లు అని ఉంటారు? అన్న ప్రతిసారీ ఆ నిప్పును కళ్ళతో చూసే అన్నారా? నీళ్ళు నమలకండి. ఆలోచించుకోండి, ఈలోపు నేను కథ చెబుతాను.

దిబ్బలరేవు అనే సముద్రపు ఒడ్డు ఊరిలో తవుడయ్య అనే మనిషి ఉండేవాడు. ఎవరు ఏ గొడవ తెచ్చినా నిజం కనుక్కునే శ్రమ పడకుండా దాని మీద ఒక సామెత పడేసి చేతులు దులుపుకునేవాడు. అతనికి ముందు పుట్టిన పిల్లలు దక్కలేదు. అందుకని, ఈ పిల్లాడైనా బతకాలని తల్లిదండ్రులు ఇతన్ని పక్కింటివాళ్ళకు ఇచ్చి, చేటెడు తవుడుకు మళ్ళీ కొనుక్కున్నారు. అలా ఆ పేరు వచ్చింది. పెద్దయ్యాక సరుకు ఓడల్లో వంటవాడిగా చేరి ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. ఆ ఓడల్లో సగం మంది చైనావాళ్ళు. తవుడయ్య వాళ్ళకు పప్పుచారు అలవాటు చేశాడు, వాళ్ళు తవుడయ్యకు తమ సామెతలు నేర్పారు. మన సామెతల్లో అత్తాకోడళ్ళకు ఎంత చోటుందో, చైనావాళ్ళ సామెతల్లో కెరటాలకు అంత చోటుంది.

ఊరికి తిరిగి వచ్చాక తవుడయ్య మకాం అచ్చియ్యమ్మ టీ బడ్డీ దగ్గర. వల చిరిగిన వారానికే ఇంజను కూడా చెడిపోయిందని ఎవరైనా వచ్చి మొత్తుకుంటే, తవుడయ్య టీ ఊదుకుంటూ చెప్పేవాడు.

"ఒక కెరటం అణగక ముందే ఇంకో కెరటం లేస్తాది బావూ. అంటే ఏటి? కష్టం మీద కష్టం రావడం లోకంలో ఉన్నదే."

"కష్టాలు జంటగానే వొచ్చినాయి మావా. ఇంజను దింపడానికి నాకూ ఓ జంట కావాల. ఓ సెయ్యెయ్యవేటి?"

"సెయ్యి కాళీ నేదురా," అని తవుడయ్య టీ గ్లాసు చూపించేవాడు.

ఊరంతా బోట్లకు నీలం రంగు వేస్తున్నారని తనూ నీలమే వేసినవాడిని చూస్తే, "కెరటం ఎటు తోస్తే అటు పోయే సెక్కముక్క," అనేవాడు. సొంత బుర్ర లేనివాడని దాని అర్థం. పరీక్షకు వెళ్ళే పిల్లలు కనబడితే, "గాలి మీద ఎక్కి కెరటాల్ని సీల్చుకుంటా ఎల్లిపోండి," అనేవాడు. జంకకుండా పెద్ద గమ్యం పెట్టుకోమని దాని అర్థం. అదే మాట చైనా భాషలో పలికి వినిపించమని పిల్లలు వెంటపడేవారు. పలికితే పడీ పడీ నవ్వేవారు. ఊళ్ళో అతనికి చైనా తవుడయ్య అనే పేరు స్థిరపడిపోయింది.

సామెతల్లో తప్పులేదు. అవి వందల ఏళ్ళ అనుభవం పిండి తీసిన మాటలు. కానీ తవుడయ్య వాటిని దిండులా వాడుకున్నాడు. తలకింద పెట్టుకుని హాయిగా పడుకున్నాడు. ఆ పడక వల్ల ఒక పిల్ల బతుకు ఎలా తలకిందులైందో చూడండి.

దిబ్బలరేవులో బోట్లు ఆగడానికి గోడ కట్టిన రేవు లేదు. వేటనుంచి వచ్చే బోటు ఒడ్డు కెరటాలను దాటుకుని నేరుగా ఇసుకమీదికి రావలసిందే. సముద్రంవైపు నుంచి వచ్చేవాడికి కెరటం వీపు మాత్రమే కనిపిస్తుంది. అది ఎక్కడ విరుగుతుందో, దాని వెనక ఇంకెన్ని ఉన్నాయో కనిపించదు. అందుకని ఊరివాళ్ళు ఎత్తయిన ఇసుకదిబ్బ మీద ఒక మనిషిని నిలబెట్టేవారు. ఆ మనిషి చేతిలో వెదురుగడలకు కట్టిన రెండు గుడ్డలుండేవి. ఎర్రగుడ్డ ఎత్తితే ఆగాలి. తెల్లగుడ్డ ఎత్తితే రావాలి. ఒడ్డు చేరిన ప్రతి బోటూ దిబ్బమీద మనిషికి దోసెడు చేపలు ఇచ్చేది. దాన్ని దిబ్బవాటా అనేవారు.

నలభై ఏళ్ళు ఆ గుడ్డలు పట్టినవాడు కాసులు తాత. కళ్ళకు పొరలు కమ్మాక తాత గుడ్డలను మనవరాలు నూకరత్నానికి అప్పజెప్పాడు. అప్పటికి ఆమెకు పంతొమ్మిదేళ్ళు. పదేళ్ళ వయసునుంచీ తాత పక్కన కూర్చుని కెరటాలు లెక్కపెట్టిన పిల్ల. మూడేళ్ళలో ఆమె గుడ్డ నమ్మి వచ్చిన బోటు ఒక్కటీ తిరగబడలేదు. తాతకూ ఆమెకూ ఆ దోసెడు చేపలే తిండి, ఆ దిబ్బే మర్యాద.

ఒక రోజు ఉదయం గున్నయ్య బోటు మిగతా బోట్లకంటే ముందుగా, ఒంటరిగా తిరిగి వచ్చింది. అప్పటికి ఊరివాళ్ళు ఎవరూ ఒడ్డుకు చేరలేదు. ఒడ్డు కెరటాల్లో అడ్డం తిరిగి బోల్తా పడింది. ముగ్గురు మనుషులూ ఈదుకుని బయటపడ్డారు. గున్నయ్య కుడిచెయ్యి విరిగింది. పట్టిన చేపలన్నీ సముద్రంలో కలిశాయి.

సాయంత్రానికి ఊళ్ళో ఒక మాట పుట్టింది. నూకరత్నం ఫోన్లో కబుర్లాడుతూ గుడ్డ ఎత్తడం మరిచిపోయిందట. మర్నాటికి ఆ ఫోన్లో అవతలి మనిషి ఎవరో కూడా ఊహించి చెప్పడం మొదలుపెట్టారు. టీ బడ్డీ దగ్గర నలుగురూ తవుడయ్య చుట్టూ చేరారు.

"సైనా మావా, నువ్వేటంతావు? నిజమేనంతావా?"

ఆ ఉదయం తవుడయ్య సముద్రం ముఖమే చూడలేదు. ఇంట్లో నిద్రపోతున్నాడు. "నాకు తెలీదు" అంటే రెండే మాటలు. కానీ నలుగురూ అడిగినప్పుడు తెలీదనడం అతనికి చేతకాలేదు.

"గాలి నేనిదే కెరటం లేవదు," అన్నాడు గంభీరంగా. "మాట పుట్టిందంటే ఎనకాల ఏదో ఉండే ఉంటాది."

మన నిప్పు, పొగ సామెతకు అది చైనా తోబుట్టువు. విన్నవాళ్ళు తలలూపారు. అప్పటిదాకా అనుమానంగా నడిచిన మాట, ఆ పూటనుంచి తీర్పులా నడిచింది.

మూడో రోజు వలలపాకలో పెద్దలు కూర్చున్నారు. ఊరిపెద్ద బంగారయ్య రత్నాన్ని పిలిపించాడు.

"ఏమ్మా, ఆ పొద్దు నువ్వు ఫోను మాటాడినావా, నేదా?"

"నేదు పెదనాన్నా. ఎర్రగుడ్డ ఎత్తినాను. గున్నయ్య సిన్నాన్న బోటు ఆగనేదు. తాత పక్కనే ఉన్నాడు, అడగండి."

"కళ్ళు కనబడనోడి సాచ్చికం, అందులోనూ తాత సాచ్చికం," అని ఎవరో నవ్వారు.

బంగారయ్య గొంతు సవరించుకున్నాడు. "ఊరందరూ ఇంకోలాగ అంతన్నారమ్మా."

"అన్నోళ్ళల్లో సూసినోళ్ళు ఎవలు? సెయ్యెత్తమనండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. గున్నయ్య వెనక వరసలో, చేతికి కట్టుతో, తల దించుకుని కూర్చున్నాడు. బోటులోని మిగతా ఇద్దరూ ఆ సమయంలో వంగి వలలోంచి చేపలు విడదీస్తున్నామనీ, ఏ గుడ్డా చూడలేదనీ చెప్పారు. జనం చూపులు తవుడయ్య మీదికి మళ్ళాయి. రత్నం కూడా అటే తిరిగింది.

"తవుడు మావా, నువ్వు సూసినావా?"

"నాను సూడనేదమ్మా. కానీ సామెత ఏటంతాదంటే..."

"సామెత సూసిందా? ఆ పొద్దు దిబ్బెక్కి నా పక్కన నిలబడిందా?"

"పెద్దోళ్ళతో ఆ వాదన సూడు," అని వెనకనుంచి ఒక గొంతు లేచింది. ఆడపిల్ల ప్రశ్న వేసినప్పుడు జవాబు దొరకనివాళ్ళకు మొదట దొరికే మాట అదే. మీరూ వినే ఉంటారు.

రత్నం చేతిలోని వెదురుగడలు తీసుకుని బంగారయ్య తమ్ముడి కొడుకు దాలయ్యకు ఇచ్చారు. దాలయ్య మంచివాడే. కానీ కెరటాలు అతనికి బడిలో లెక్కల్లాంటివి, అన్నీ ఒకేలా కనబడేవి. పది రోజులు సముద్రం చల్లగా ఉంది కాబట్టి రోజులు గడిచిపోయాయి. రత్నం పరాయివాళ్ళ చేపలు ఎండబెట్టే పనికి కుదిరింది.

పదకొండో రోజు నాలుగు బోట్లు తెల్లవారకముందే వేటకు వెళ్ళాయి. వెళ్ళేటప్పుడు నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఎనిమిది గంటల వేళకు తవుడయ్య ఒడ్డుకు వచ్చి ఆశ్చర్యపోయాడు. కొబ్బరాకు కదలడం లేదు, పైన మబ్బు లేదు. కానీ సముద్రం మాత్రం ఇంటెత్తు లేచి దడదడా విరిగిపడుతోంది. ఇసుకలో కాసులు తాత ఒక్కడే చెవి అటు పెట్టి కూర్చున్నాడు.

"ఎవలది, సైనావోడా?" అన్నాడు తాత అడుగుల చప్పుడు విని.

"నానే మావా. పిసరంత గాలి నేదు, ఇంతేసి కెరటాలేటి?"

"గాలి నేనిదే కెరటం లేవదు గదేటి. నువ్వే సెప్పినావు."

తవుడయ్య మళ్ళీ కొబ్బరాకుల వైపు చూశాడు.

"గాలుందిరా. ఇక్కడ నేదు. ఏ నడిసముద్రంలోనో మూడ్రోజుల కిందట తుపాను లేచుంటాది. గాలి అక్కడే సచ్చిపోనాది. కెరటం మటుకు నడిసి నడిసి మన ఒడ్డుకొచ్చినాది. ఇక్కడ కూకుని, ఇదిగో ఈ ఇంటి గాలి అని ఏలు సూపిస్తే ఎలగ? ఎక్కడ లేచిందో తెలవాలంటే కెరటం వొచ్చిన దారంట ఎదురెళ్ళాల. ఇరవై రెండేళ్ళు ఓడలో తిరిగినావు, ఉల్లిపాయలు తరగడమేగానీ ఎప్పుడైనా బయటికి తొంగి సూసినావా?"

తవుడయ్య ముఖం చిన్నబోయింది. తాత తిట్టినందుకు కాదు. "సామెత సూసిందా?" అని రత్నం అడిగిన ప్రశ్న పదకొండు రోజుల తర్వాత ఇప్పుడు అతని చెవికెక్కింది.

దిబ్బ మీద దాలయ్య రెండు గుడ్డలూ చంకలో పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"రత్నాన్ని దిబ్బెక్కించుదాం మావా," అన్నాడు తవుడయ్య.

"ఎక్కితే ఏటి? బోటోళ్ళు ఆ పిల్ల గుడ్డ నమ్మాల గదా. నమ్మకం పోనాక ఎంత ఊపినా అది ఉత్త గుడ్డే. పదకొండు గంటలకి బోట్లొచ్చేస్తాయి. ఈలోపు నువ్వేం సేస్తావో సెయ్యి. లేపింది ఎవలైనా, తోసినోడివి నువ్వు."

తవుడయ్య జీవితంలో మొదటిసారి ఒక సామెత కోసం కాళ్ళు కదిపాడు. నేరుగా అచ్చియ్యమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"ఆ ఫోను మాట నీకెవలు సెప్పినారు?"

"గున్నయ్య మరదలు సెప్పినాది. అయినా మావా, నన్నంతావేటి? నాను సెప్తే ఎవలూ అంతగా నమ్మనేదు. నువ్వు సామెత సెప్పినాకే నమ్మినారు. టీ నాదే, పంచదార నువ్వేసినావు."

తవుడయ్యకు ఆ మాట ముల్లులా దిగింది. గున్నయ్య మరదలు ఇంటికి వెళ్ళాడు. ఆమె చేటలో రొయ్యపొట్టు చెరుగుతోంది.

"రత్నం ఫోను మాటాడతంటే నువ్వు సూసినావా అమ్మా?"

"నానేల సూస్తాను? ఆ పిల్ల గుడ్డ ఎత్తనేదని అక్క అన్నాది. ఏల ఎత్తదు అనుకున్నాను. ఈ కాలం పిల్లలు గదా, ఫోనే అయ్యుంటాదని నానే అనుకున్నాను."

"అనుకున్నావు. సెప్పేటప్పుడు అనుకున్నానని సెప్పినావా?"

ఆమె చెరగడం ఆపేసింది.

గున్నయ్య భార్య వాకిట్లో బిందె తోముతోంది. ఆమె మాట ఇంకా చిన్నది. "మా ఆయన గుడ్డ కనబడనేదన్నాడు బావా. కనబడనేదంటే ఎత్తనట్టే గదా. నాను అదే సెప్పినాను."

చూశారా? ఒక్కరూ పచ్చి అబద్ధం చెప్పలేదు. తలా ఒక గరిటె కలిపారు. అంతే. చివరికి వడ్డించే వేళకు అది ఒక పిల్ల చేతిలో ఫోనై కూర్చుంది.

గున్నయ్య పెరట్లో గోడకానుకుని సముద్రపు హోరు వింటున్నాడు. అతని కొడుకు ధనరాజు ఆ ఉదయం వేటకు వెళ్ళిన నాలుగు బోట్లలో ఒకదాన్ని నడుపుతున్నాడు. తవుడయ్య అతని ఎదురుగా నేలమీదే కూర్చున్నాడు.

"గున్నయ్యా, నీ తప్పు పట్టడానికి రానేదు. నా తప్పు సెప్పుకోడానికి వొచ్చినాను. సైనావోళ్ళకి ఇంకో మాటుంది, నానెప్పుడూ మీకు సెప్పనేదు. లేచిన కెరటాన్ని ఎనకనించి తోసి ఇంకా పెద్దది సేసేవోడి మీద ఆ మాట. మండే గొడవలో కట్టెలేసేవోడన్నమాట. సెప్తే నా మొకమే కనబడతాదని దాసుకున్నాను. ఆ పిల్ల మీద లేచిన కెరటాన్ని తోసినోడిని నానే. అది ఎక్కడ లేచిందో సూద్దామని ఇంటింటికీ తిరిగినాను. దారి నీ పెరట్లో ఆగిపోనాది."

గున్నయ్య కట్టు కట్టిన చేతిని ఒళ్ళోకి లాక్కున్నాడు.

"గుడ్డ సూసినాను," అన్నాడు. "ఎర్రదే. ఒడ్డున సేపలు కొనే ఐసు లారీ కనబడినాది. అందరికన్నా ముందెల్తే మంచి బేరం తగుల్తాదనుకున్నాను. ఒక్క కెరటమే గదా, దాటేస్తాననుకున్నాను. ఇంట్లో అడిగితే సిగ్గేసి కనబడనేదన్నాను. ఒక్క మాటన్నాను బావా. అది నా ఇల్లు దాటి ఇంత దూరం ఎల్తాదనుకోనేదు. ఎల్లినాక ఎనక్కి తేవడం నాకు సేతకానేదు."

"ఇప్పుడు తేవొచ్చు. నీ కొడుకు అక్కడున్నాడు, దిబ్బ మీద దాలయ్యున్నాడు. లే."

ఇద్దరూ రత్నం దగ్గరికి వెళ్ళారు. ఆమె ఎండుచేపలు తిరగేస్తోంది. గున్నయ్య రెండడుగుల వెనకే ఆగాడు. తవుడయ్యే ముందుకు వెళ్ళాడు. జరిగింది జరిగినట్టు చెప్పి, తనను క్షమించమన్నాడు.

రత్నం చేతులు చీరకు తుడుచుకుంది. "నీ క్షమాపణ ఎండుచేపలాంటిది మావా, దాస్తే పాడవదు. తరవాత తీసుకుంటాను. బోట్లు అలగ కాదు. పదండి."

ఒడ్డుకు చేరేసరికి నాలుగు బోట్లూ కెరటాల అవతల తేలుతున్నాయి. ఊరు ఊరంతా ఇసుకలో నిలబడింది. రత్నం కనబడగానే దాలయ్య గుడ్డలు చాపాడు. "తీసుకో సెల్లీ. నాకన్నీ ఒకేలాగ కనబడతన్నాయి."

"ఆగు," అన్నాడు బంగారయ్య. "తీర్పు అయిపోనాది. అందరి మాటా కాదని..."

"తీర్పు తప్పు," అన్నాడు గున్నయ్య. అందరూ అతని వైపు తిరిగారు. అతను మాట పెంచలేదు. ఎడమచేత్తో ఫోను తీసి కొడుక్కు కలిపాడు. ఒడ్డుకు అంత దగ్గరగా ఉంటే ఫోను అందుతుంది. అందరికీ వినబడేలా పెట్టాడు.

"దనరాజూ, ఇనుకో. ఆ పొద్దు రత్నం ఎర్రగుడ్డే ఎత్తినాది. నాను సూసినాను. సూసే లోపలికొచ్చినాను. తప్పు నాది, అబద్ధం నాది. ఇప్పుడు ఆ పిల్ల దిబ్బెక్కుతంది. మిగతా బోట్లోళ్ళకీ కేకేసి సెప్పు. మీ నాలుగు బోట్లూ ఆ గుడ్డ సెప్పినట్టే సెయ్యండి. ఇంకెవలి మాటా ఇనకండి."

అవతలనుంచి, ఇంజను చప్పుడు మధ్యలో, "సరే నాన్నా," అన్న మాట వచ్చింది.

బంగారయ్య తువ్వాలు భుజంమీదినుంచి తీసి, దారి వదిలి పక్కకు జరిగాడు.

రత్నం దిబ్బెక్కి ఎర్రగుడ్డ ఎత్తింది. ఎత్తిన గుడ్డ దించలేదు. ఏడు పెద్ద కెరటాలు వచ్చాయి, రెండు చిన్నవి వచ్చాయి, మళ్ళీ పెద్దవి మొదలయ్యాయి. జనం గుసగుసలాడారు. అరగంట గడిచింది. గుడ్డ వాలలేదు. ఆమె కళ్ళు ఒడ్డు కెరటాల మీద లేవు, చాలా దూరంలో, నీలం గీతగా లేచే వరస మీద ఉన్నాయి. ఆ గీత పలచబడిన క్షణాన తెల్లగుడ్డ లేచింది. మొదటి బోటు దూసుకొచ్చి ఇసుకమీద ఆగింది. దాని వెనకే రెండోది.

మూడోది ధనరాజు బోటు. తెల్లగుడ్డ చూసి బయలుదేరింది. సగం దారిలో ఉండగా రత్నం చేతిలో తెల్లది దిగి ఎర్రది లేచింది. ఎవరూ ఊహించని కెరటం ఒకటి పక్కనుంచి తిరిగి వస్తోంది. ఒడ్డు అక్కడినుంచి నూరు బారలే. ఐసు లారీ కూడా అక్కడే ఉంది. గున్నయ్య కళ్ళు మూసుకున్నాడు. ధనరాజు బోటు ముక్కును సముద్రంవైపు తిప్పేశాడు. బోటు కెరటానికి ఎదురెక్కి, నిలువునా లేచి, అవతలికి దిగింది. ఆ కెరటం వచ్చి, బోటు ముందుకు వచ్చి ఉంటే ఎక్కడుండేదో సరిగ్గా అక్కడ విరిగింది. పావుగంట తర్వాత తెల్లగుడ్డ మళ్ళీ లేచింది. మూడో బోటు వచ్చింది, నాలుగోదీ వచ్చింది.

ధనరాజు బుట్టెడు చేపలు తెచ్చి రత్నం ముందు కుమ్మరించబోయాడు. ఆమె దోసెడు తీసుకుని మిగతావి వెనక్కి తోసింది. "వాటా ఇంతే. ఎక్కువ తీసుకుంటే రేపటినుంచి నానే ఎక్కువడుగుతన్నానని అందరూ అంతారు."

బంగారయ్య దిబ్బ కిందికి వచ్చాడు. "గుడ్డలు నీవేనమ్మా. మాది పొరపాటు. ఇంకేటి కావాలో అడుగు."

"పెదనాన్నా, వలలపాకలో నాను ఒక ప్రశ్న అడిగినాను. సూసినోళ్ళు ఎవలని. దానికి జవాబు రాకుండానే తీర్పొచ్చినాది. ఇకమీద ఈ ఊళ్ళో ఎవలి మీద మాటొచ్చినా ముందు ఆ ప్రశ్న అడగండి. సూసినోళ్ళు నేకపోతే తీర్పు నేదు. అది నాకు కాదు, ఈ ఊరికి కావాల."

బంగారయ్య ఒప్పుకున్నాడు. ఒప్పుకోక తప్పలేదు, నాలుగు బోట్లవాళ్ళూ ఆమె వెనకే నిలబడ్డారు.

తవుడయ్య సామెతలు మానలేదు. ఎందుకు మానాలి? కానీ ఎవరైనా టీ బడ్డీ దగ్గరికి ఒకరి మీద మాట మోసుకొస్తే, "పద, ఇది ఎక్కడ లేచిందో సూసొద్దాం," అని ముందు తనే లేచేవాడు. ఎండలో అంత దూరం నడవాలంటే చాలామందికి ఒళ్ళు బరువు. వాళ్ళు తెచ్చిన మాటను తెచ్చినట్టే మింగేసేవారు. నడిచినవాళ్ళకు నిజం దొరికేది. కొద్దినాళ్ళకు దిబ్బలరేవులో పుకారు పుట్టినా, సాయంత్రందాకా బతకడం కష్టమైపోయింది. మంచి అలవాటు కూడా ఇంటింటికీ పాకుతుంది. దానికి కాళ్ళున్నవాడు ఒక్కడు కావాలి, అంతే.

ఈ కథ నీతి ఇది: సామెత ఎంత పాతదైనా సాక్ష్యం కాదు; మనం చూడనిదాన్ని నిజమని ముద్ర వేస్తే, మొదట అబద్ధమాడినవాడికంటే మన పాపం తక్కువేమీ కాదు.

ఇప్పుడు మీ వంతు. ఈ వారంలోనే ఒక మనిషి గురించిన మాట ఒకటి మీ దాకా వస్తుంది, క్లాసులోనో, బస్సులోనో, ఫోన్లోనో. దాన్ని ముందుకు తోయకండి. తెచ్చినవాళ్ళను, "నువ్వు చూశావా?" అని అడగండి. చూడలేదంటే, ఆ మాట వచ్చిన దారిలో ఎదురు నడవండి. నిందపడ్డ మనిషి ఇంటికి వెళ్ళి ఆ మనిషి చెప్పేది కూడా వినండి.